ఒక్కడికే చోటు: గోల్ కీపర్ వృత్తి జీవితం

ఫుట్‌బాల్ జట్టులో గోల్ కీపర్‌ది ఒకే ఒక స్థానం. ఫార్వర్డ్‌గా రాణించనివాణ్ని కోచ్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడించి చూస్తాడు, కుడివైపు కుదరకపోతే ఎడమవైపుకు మారుస్తాడు. ఆట సగంలో కొత్తవాణ్ని దించాలన్నా ముందుగా ఆ పదిమందిలోనే ఎవరినో ఒకరిని మారుస్తాడు. గోల్ కీపర్‌కు ఈ సర్దుబాట్లేవీ వర్తించవు. మొదటి కీపర్ గాయపడాలి, ఫామ్ పోగొట్టుకోవాలి, లేదా క్లబ్ వదిలిపోవాలి. అప్పటిదాకా రెండోవాడికి బెంచీయే గతి. ఈ వృత్తిలో జీతం, పేరు, ఎదుగుదల అన్నీ ఆ ఒక్క స్థానం చుట్టూ తిరుగుతాయి. అందుకే దీనికి ప్రతిభ ఎంత అవసరమో ఓపిక కూడా అంతే అవసరం.

కీపర్ కాపలా కాసే గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కొట్టే చోటు నుంచి గోల్ గీతకు దూరం 11 మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతికి ఆ దూరం దాటడానికి సెకనులో సగం కూడా పట్టదు. కొట్టాక చూసి దూకుదామంటే ఆలస్యమైపోతుంది కాబట్టి కొట్టేవాడి నడుము ఎటు తిరుగుతోంది, నేలమీద ఆనించిన కాలు ఎటు చూస్తోంది అన్నవి కనిపెట్టి కీపర్ ముందే కదులుతాడు. ప్రేక్షకులకు గుర్తుండేవి ఈ దూకుళ్లే. కానీ మ్యాచ్‌లో ఎక్కువసేపు అతను చేసేది వేరే పని. డిఫెండర్లను కేకేసి సర్దడం, కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవరిని కాయాలో చెప్పడం, ఎత్తుగా వచ్చిన బంతికోసం ముందుకు వెళ్లాలో గీత మీదే ఉండాలో క్షణంలో తేల్చుకోవడం అతని పనులు. ఈ అంచనా పుస్తకాలు చదివితే రాదు, వందల మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. గోల్ కీపర్లు ముప్పై దగ్గర పడ్డాకే పదునెక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

చేతి పనిలో మొదటి పాఠం పట్టు. ఛాతీకి పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దాదాపు తాకేంత దగ్గరగా, మిగతా వేళ్లు విప్పి, అరచేతులు బంతి వెనక ఉండేలా పట్టాలి. వేళ్లు పక్కలకు జరిగితే బంతి మధ్యలోంచి జారి గోల్‌లో పడుతుంది. రెండో పాఠం పడడం. బోర్లా పడకూడదు, మోచేయి ఆనించకూడదు. పక్కకు ఒరిగి పిక్క, తొడ, తుంటి, భుజం వరసగా నేలను తాకాలి. పచ్చిక మైదానంలో ఇది వారాల్లో అలవాటవుతుంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బడి మైదానాలు చాలావరకు గట్టి ఎర్రమట్టి నేలలు, పైన గరుకు ఇసుక. అక్కడ పదిసార్లు దూకితే తుంటి చర్మం లేచిపోతుంది. కుర్రాడు దెబ్బకు భయపడి దూకడం మానేస్తాడు, లేదా చేతులు ముందు ఆనించి తప్పుగా పడడం నేర్చుకుంటాడు. గ్లోవ్స్ అరచేతి భాగంలో ఉండే మెత్తని లేటెక్స్ కూడా ఆ నేల మీద తొందరగా చిరిగిపోతుంది. ఖరీదైన పరికరాలకంటే ముందు ఇసుక గుంటో, పాత పరుపో ఉంటే నేర్చుకునేవాడికి సగం భయం పోతుంది.

తెలుగు నేల మీద పుట్టి ఈ వృత్తిలో శిఖరం చేరినవాడు పీటర్ తంగరాజ్. 1935 డిసెంబరు 24న హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో కుర్రతనంలో ఆడాడు. తర్వాత సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులోకి వచ్చాడు. గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలైనవాడు, గోల్స్ ఆపే చోటికి మారాక అక్కడే స్థిరపడ్డాడు. ఆరడుగులు దాటిన మనిషి, పొడవాటి చేతులు. ఎత్తు బంతుల మీద ఆసియా ఫార్వర్డ్‌లకు అతనితో పోటీ కష్టమయ్యేది. నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న ఆ రెజిమెంట్ జట్టు 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత బృందంలో తంగరాజ్ ఉన్నాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌కూ వెళ్లాడు. 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్ కీపర్‌గా ఎంపికయ్యాడు. కలకత్తా వెళ్లాక మొహమ్మదన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మూడింటికీ ఆడాడు. అక్కడి అభిమానుల మధ్య ఉన్న వైరం తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

ఒకే స్థానం ఉన్న వృత్తి ఎలా నడుస్తుందో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్పష్టంగా కనబడింది. హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ దగ్గర ఇద్దరు కీపర్లున్నారు. తంగరాజ్‌కు ఫ్లూ జ్వరం రావడంతో ప్రద్యుత్ బర్మన్ గోల్ కాశాడు, జట్టు ఫైనల్ చేరింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్. గెలుస్తూ వచ్చిన కీపర్‌ను మార్చడానికి ఏ కోచ్‌కైనా చేతులు రావు. రహీమ్ మార్చాడు. కోలుకున్న తంగరాజ్ ఎత్తు, అనుభవం ఆ మ్యాచ్‌కు కావాలనుకున్నాడు. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. తంగరాజ్ పేరు రికార్డులకెక్కింది. అక్కడిదాకా తీసుకొచ్చిన బర్మన్ పేరు మాత్రం ఫుట్‌బాల్ చరిత్ర చదివేవాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. ఈ వృత్తిలో అది అన్యాయమూ కాదు, వింతా కాదు.

ఆ తరం ఆటగాళ్లకు అన్నం పెట్టింది ఉద్యోగం. సైన్యం, పోలీసు, రైల్వే, బ్యాంకులు స్పోర్ట్స్ కోటాలో తీసుకునేవి. పొద్దున, సాయంత్రం ఆట, నెలకు జీతం, ఆట ఆగిపోయాక కూడా కొలువు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ ఏర్పాటు మీదే నిలిచింది. తంగరాజ్ ఆట ముగించాక కోచింగ్‌లోకి వెళ్లాడు. బొకారో ఉక్కు కర్మాగారం పట్టణంలో చివరిదాకా ఉండి, 2008 నవంబరు 24న అక్కడే కన్నుమూశాడు.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాక వృత్తి స్వరూపం మారింది. ఉద్యోగం స్థానంలో రెండు మూడేళ్ల కాంట్రాక్టు వచ్చింది. మొదటి సీజన్లలో చాలా క్లబ్బులు విదేశీ కీపర్లను తెచ్చుకున్నాయి. తర్వాత మైదానంలో దింపగల విదేశీయుల సంఖ్య తగ్గుతూ వచ్చేసరికి, ఆ చోట్లను గోల్స్ కొట్టేవాళ్లకే ఖర్చు పెట్టడం లాభమని క్లబ్బులు లెక్కేసుకున్నాయి. దాంతో గోల్ కాసే పని దాదాపుగా భారతీయుల చేతికే వచ్చింది. మన ఫార్వర్డ్‌లకు దొరకని అదృష్టం ఇది.

ఆ లీగ్‌లో ఒక కీపర్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 2015 డిసెంబరు 20న ఫతోర్దా స్టేడియంలో ఫైనల్. సొంతగడ్డపై ఆడుతున్న ఎఫ్‌సీ గోవా 90వ నిమిషం వరకు 2-1తో చెన్నయిన్ మీద ఆధిక్యంలో ఉంది. అప్పుడు బంతి గోవా కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణికే తగిలి సొంత గోల్‌లోకి పోయింది. క్షణాల్లో చెన్నయిన్ మూడో గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. అదే ఫతోర్దాలో 2022 మార్చి 20న మరో ఫైనల్. ఈసారి కట్టిమణి హైదరాబాద్ ఎఫ్‌సీ కీపర్, వయసు 32. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1 దగ్గర ఆగి పెనాల్టీలకు వెళ్లింది. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, హైదరాబాద్ 3-1తో గెలిచింది. మధ్యలో గడిచినవి ఆరేళ్ల పైచిలుకు. ఫార్వర్డ్ చేసిన తప్పును మరుసటి వారం కొట్టిన గోల్ కప్పేస్తుంది, కీపర్‌కు అలాంటి సందర్భం ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కాంట్రాక్టు బతుకులో భరోసా తక్కువన్నది కూడా ఆ క్లబ్బే చూపించింది. కప్పు గెలిచిన రెండేళ్లలోపే హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాలు చెల్లించలేని స్థితికి వచ్చింది, ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది లీగ్ హక్కుల ఒప్పందం చిక్కులో పడి సీజన్ వాయిదా పడితే, కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. పోలీసు జట్టు కాలంలో కానిస్టేబుల్ జీతం చిన్నదే. కానీ ఒకటో తారీఖుకు వచ్చేది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలకు అందుబాటులో ఉన్న పెద్ద ఫుట్‌బాల్ నగరం బెంగళూరు, నూట చిల్లర కిలోమీటర్లు. కుప్పం నుంచి నేరుగా రైలుంది. అక్కడి శ్రీ కంఠీరవ స్టేడియం బెంగళూరు ఎఫ్‌సీ సొంత మైదానం. ఆ క్లబ్ కీపర్ గురుప్రీత్ సింగ్ సంధు 2023 సాఫ్ చాంపియన్‌షిప్‌లో లెబనాన్‌తో సెమీఫైనల్, కువైట్‌తో ఫైనల్ రెండింటినీ పెనాల్టీలలో గెలిపించింది ఆ మైదానంలోనే. మొహాలీలో పెరిగిన గురుప్రీత్ 2014లో నార్వే క్లబ్ స్టాబెక్‌లో చేరాడు. లీగ్ మ్యాచ్‌లో అడుగుపెట్టడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2016లో యూరోపా లీగ్ అర్హత మ్యాచ్ ఆడి, ఆ పోటీలో దిగిన తొలి భారతీయుడయ్యాడు.

మదనపల్లె నుంచో పుంగనూరు నుంచో బయల్దేరే కుర్రాడికి మొదటి మెట్టు బడి ఆటలు: స్కూల్ గేమ్స్ జిల్లా, రాష్ట్ర జట్లు, సుబ్రతో కప్. కాలేజీకొచ్చాక విశ్వవిద్యాలయాల పోటీలు, ఆపైన రాష్ట్రం తరఫున సంతోష్ ట్రోఫీ. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్ శిక్షణ ఉంది. రాయలసీమలో పద్ధతిగా ఆట నేర్చుకోవడానికి అదొక దారి. కీపర్ పన్నెండు పదమూడేళ్లకు మొదలుపెట్టినా మించిపోయింది లేదు, వాలీబాల్, కబడ్డీ ఆడినవాళ్లకు దూకడం, చేతి ఒడుపు ముందే వచ్చి ఉంటాయి. పొడుగు కావాలి.  అయితే చేతులొక్కటే చాలిన రోజులు పోయాయి. 1992లో సహ ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని చేత్తో పట్టకూడదన్న నిబంధన వచ్చాక కీపర్ కూడా బంతిని కాలితో నడిపి పాస్ ఇవ్వాల్సిందే. చేతిలో పట్టిన బంతిని ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇవ్వాలని 2025లో మరో నిబంధన చేరింది.

ఈ ఆటలో కీపర్ ఆయుష్షు ఎక్కువ. ఇటలీ కీపర్ డినో జోఫ్ 1982లో నలభై ఏళ్ల వయసులో ప్రపంచ కప్ ఎత్తాడు. ఈజిప్టు కీపర్ ఎస్సామ్ అల్ హదారీ 2018 ప్రపంచ కప్‌లో 45 ఏళ్లకు బరిలో దిగి ఒక పెనాల్టీ ఆపాడు. మిగతా స్థానాల్లో ముప్పై అయిదు దాటితే గొప్ప. పరుగు తక్కువ కాబట్టి కండరాలు అరగవు. వేళ్లు, భుజాలు, మోకాళ్లు మాత్రం మూల్యం చెల్లిస్తాయి. ఎదురొచ్చే కాళ్ల మధ్యకు తల పెట్టి దూకే పనిలో ప్రాణాపాయం కూడా ఉంది. 2006లో చెల్సీ కీపర్ పీటర్ చెక్ పుర్రె ఎముక చిట్లింది, ఆ తర్వాత రిటైరయ్యేదాకా తలకు రక్షణ టోపీ లేకుండా అతను ఆడలేదు.

ఆట ఆపేశాక కీపర్‌కు అన్నిటికంటే తెరిచి ఉన్న దారి కీపర్లకు శిక్షణ ఇవ్వడమే. ప్రధాన కోచ్‌లలో గోల్ కాసినవాళ్లు తక్కువ కాబట్టి ప్రతి పెద్ద జట్టుకూ విడిగా గోల్ కీపింగ్ కోచ్ కావాలి. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య దీనికి అంచెలవారీ లైసెన్సులు ఇస్తుంది, వాటి కోర్సులు మన దేశంలోనూ జరుగుతుంటాయి. అకాడమీల్లో ఈ కొలువులు పెరుగుతున్నాయి. బళ్లలో మాత్రం ఇప్పటికీ పీఈటీ సారే అన్ని ఆటలూ నేర్పాలి. మిగతా పదిమందికి ఆయన ఆట నేర్పుతున్నంతసేపూ కీపర్ కుర్రాడు గోల్ ముందు ఒంటరిగా నిలబడి తనంతట తానే ఏదో ఒకటి నేర్చుకుంటున్నాడు.