సోరియాసిస్ మందులు - ఊపిరితిత్తులు

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. తరగతిలో తోటివారు ఎడముగా కూర్చుండ నక్కరలేదు. చర్మపు పైపొర మారుటకు సాధారణముగా నెలరోజులు పట్టును. ఈ వ్యాధిలో శరీర రక్షణ కణముల అతిచేష్ట వలన 3 నుండి 5 దినములలోనే క్రొత్త కణములు పైకి వచ్చి పొలుసులుగా రాలును.

దీనికి వాడు మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్ల విరోధులలో ఒకటి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ మందుల కుటుంబము రూపొందినది. దీనిని వారమునకు ఒక్కమారే ఇత్తురు. అరుదుగా కొందరిలో, మోతాదు స్వల్పమైనను, ఊపిరితిత్తులలోని గాలిగదుల గోడలు వాచును. గోడ మందమైనచో ఆక్సిజన్ రక్తమున సులభముగా చేరదు. కళ్లె పడని పొడిదగ్గు, జ్వరము, ఆయాసము కనబడును. ఇది వట్టి జలుబేనని ఊరకుండరాదు. తరువాతి మోతాదు వేసికొనక మునుపే వైద్యునకు చూపవలెను.

అడాలిముమాబ్ వంటి సూదిమందుల సంగతి వేరు. ఇవి టి.ఎన్.ఎఫ్. అను పదార్థమును అణచును. చర్మమున వాపు రేపునది అదియే. ఊపిరితిత్తులలో క్షయక్రిములను చుట్టుముట్టిన కణముల కోటను నిలుపునదియు అదియే. కోట సడలినచో ఏండ్లతరబడి నిద్రించిన క్షయ మేల్కొనవచ్చును. చర్మవ్యాధికి వచ్చిన రోగికి, మొదటి సూదికి ముందే, ఛాతీ ఎక్స్‌రే తీయుట ఇందులకే.