చేప ఏ మూలన పడ్డా ఒకటే బరువు

మైపాడు వైపు నుంచి నెల్లూరుకు చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఒకడు, తులాదండం పాఠం నడుస్తుండగా లేచి అడిగాడు. "సార్, చేపను కాటా మూలకేస్తే బరువు తగ్గద్దా? నడిమధ్యనే పెట్టమని మాయమ్మ ఒకటే గొడవ చేస్తది." ఆధారానికి ఎంత దూరంలో బరువు పెడితే అది దండాన్ని అంత గట్టిగా తిప్పుతుందని బోర్డు మీద అప్పుడే రాసి ఉన్నాను. ఆ లెక్కన వాళ్లమ్మ అనుమానం న్యాయమైనదే. అయినా మంచి కాటా మీద చేప ఏ మూల పడ్డా అంకె మారదు. ఎందుకు మారదన్నది యంత్రాల కథల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. తీరంలో చేపలు తూచడానికి ఎలాంటి కాటా కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ముందు చేత్తో ఎత్తిపట్టే తక్కెడను చూడండి. అందులో ఈ చిక్కే లేదు. సిబ్బెలో చేపను ఒక పక్కకు వేస్తే సిబ్బె కొంచెం ఒరుగుతుంది, చేప బరువు సరిగ్గా కొక్కెం కిందికి వచ్చి నిలబడుతుంది. లాగేది ఎప్పుడూ దండె కొస నుంచే. సర్దుబాటంతా గొలుసులే చేసిపెడతాయి. తక్కెడకు వచ్చే జబ్బు వేరు: దండెలో ఒక చెయ్యి రవ్వంత పొడుగవడం. దాన్ని పట్టుకోవడం సులువు. ముల్లు నిటారుగా నిలిచాక చేపను రాళ్ల వైపు, రాళ్లను చేప వైపు మార్చి మళ్లీ ఎత్తాలి. ఈసారి ముల్లు పక్కకు పోయిందంటే దండెలో దోషం ఉన్నట్టే. వీశెలు, మణుగులతో తూచిన మద్రాసు రాజధాని రోజుల్లోనూ (వీశె అంటే 120 తులాలు, మన లెక్కలో దాదాపు 1,400 గ్రాములు) ఈ పరీక్ష ఇలాగే పనిచేసేది.

అయితే తక్కెడను ఎవరో ఒకరు ఎత్తి పట్టుకోవాలి. సముద్రపు గాలికి అది ఊగుతూనే ఉంటుంది. నాలుగైదు కిలోల వంజరాన్ని గొలుసుల మధ్య ఇరికించడం ఒక యాతన. పళ్లేలు దండె పైన ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. తీరా దండె కొసన కర్ర నిలబెట్టి, దాని మీద పళ్లెం బిగిస్తే, పళ్లెంలో చేప జరిగిన ప్రతిసారీ తూకం మారిపోతుంది. ఆ అమ్మ భయమంతా ఇక్కడ నిజమవుతుంది.

ఈ ముడిని విప్పినవాడు ఫ్రాన్సు గణితవేత్త జీల్ పెర్సోన్. రొబెర్వాల్ అనే ఊరివాడు కావడంతో ఆ ఊరి పేరే ఆయనకు స్థిరపడిపోయింది. పారిస్‌లో ఆయన కూర్చున్న ఆచార్య పీఠానికి మూడేళ్లకోసారి పోటీ జరిగేది. పీఠం చేజారకుండా తాను కనిపెట్టిన పద్ధతులను బయటపెట్టకుండా దాచుకునేవాడు. దాని ఫలితంగా, సైక్లాయిడ్ అనే వక్రం మీద తాను ముందే చేసిన పనిని ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లీ కాజేశాడని తగాదా పడ్డాడు. అంత గుట్టుగా బతికిన మనిషి 1669లో ఒక చిన్న యంత్రాన్ని మాత్రం ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందు పెట్టి, దీన్ని వివరించండి చూద్దాం అన్నట్టు వదిలేశాడు.

ఆ యంత్రంలో దండె ఒకటి కాదు, రెండు. పైన ఒకటి, సరిగ్గా దాని కింద అంతే పొడుగున్న ఇంకొకటి. రెండూ నడిమి స్తంభానికి ఇరుసులతో బిగించి ఉంటాయి. ఎడమ కొసలను ఒక నిలువు కడ్డీ కలుపుతుంది, కుడి కొసలను ఇంకొక నిలువు కడ్డీ. మూలలన్నీ కీళ్లే. ఇప్పుడు ఒక పక్క కిందికి నొక్కితే దండెలు రెండూ ఒకే కోణంలో వాలతాయి, కడ్డీలు మాత్రం నిటారుగానే ఉండి ఒకటి కిందికి, ఇంకొకటి పైకి జరుగుతాయి. సమాంతర చతుర్భుజం చేసే చిత్రం ఇది. ఆ కడ్డీ తల మీద పళ్లెం కూర్చోబెడితే చాలు. అది ఒరగదు, తిరగదు. దిగితే పళ్లెం మొత్తం ఒకే మట్టంగా దిగుతుంది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. పళ్లెం ఒక మిల్లీమీటరు దిగిందంటే దాని మీదున్న చేప కూడా ఒక మిల్లీమీటరే దిగుతుంది, నడిమధ్యన ఉన్నా, అంచున తోక వేలాడుతూ ఉన్నా సరే. అవతలి పళ్లెంలో రాయి అంతే పైకి లేస్తుంది. దిగేది ఎంతో, లేచేది అంతే. కాబట్టి చేప బరువు, రాయి బరువు సమానమైతే తూకం నిలుస్తుంది. దూరం లెక్కలోకే రాదు.

అకాడమీ ముందు రొబెర్వాల్ చూపించింది ఇదే. నిలువు కడ్డీలకు పక్కకు పొడుచుకొచ్చే చేతులు బిగించి, ఒక పక్క బరువును దగ్గరగా, రెండో పక్క అంతే బరువును దూరంగా వేలాడదీశాడు. తూకం కదల్లేదు. ఆర్కిమెడిస్ చెప్పిన తులాదండ సూత్రం నమ్ముకున్నవాళ్లకు ఇది పెద్ద పొడుపుకథ అయింది. దూరాన ఉన్న బరువు తిప్పే బలం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. అది పై దండెను ఒక వైపు లాగుతుంది, కింది దండెను ఇంకొక వైపు నెడుతుంది. ఆ లాగుడునూ నెట్టుడునూ నడిమి స్తంభం మోసి నేలకు దించేస్తుంది. సమానమైన, ఎదురెదురైన రెండు బలాలు జతగా తిప్పే ఈ వరసకు బలయుగ్మం అని పేరు. 19వ శతాబ్దం తొలినాళ్లలో పోయిన్సో ఆ భావనను స్థిరపరిచాకే పొడుపుకథ సూటిగా విడింది. దాదాపు నూట ముప్పై ఏళ్లు యంత్రం జవాబు చెబుతూనే ఉంది, మనుషులకు ప్రశ్నే సరిగ్గా అర్థం కాలేదు.

తర్వాత అంగళ్లలో బల్లల మీద వెలసిన రెండు పళ్లేల ఇనుప కాటాలన్నీ ఈ సంతతే. మన తూనికల చట్టం వాటిని కౌంటర్ మిషన్ అంటుంది. పచారీ కొట్లలోనూ చేపల మార్కెట్లలోనూ మీరు చూసే ఉంటారు.

ఈలోగా స్ప్రింగు కాటా వచ్చింది. ఎంత లాగితే అంత సాగుతుందన్న రాబర్ట్ హుక్ నియమం 1678లో అచ్చయింది. రాళ్లు మోసుకెళ్లే పని తప్పింది, ఒక కొత్త బలహీనత వచ్చి పడింది. తక్కెడ చేపను రాయితో పోలుస్తుంది కాబట్టి భూమి గురుత్వం రెంటినీ ఒకేలా లాగి లెక్కలోంచి తప్పుకుంటుంది. స్ప్రింగు కొలిచేది ఆ లాగుడునే. గురుత్వం భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఎక్కువ. ఢిల్లీలో సరిచేసిన కాటాను నెల్లూరు తీరానికి తెచ్చి అలాగే వాడితే 10 కిలోలకు 8 గ్రాముల దాకా తక్కువ చూపిస్తుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాలకూ ఇది వర్తిస్తుంది. కొన్న చోట కాదు, వాడే ఊళ్లోనే, తూనికల శాఖ ముద్ర ఉన్న రాళ్లతో సరిచేయించాలని చెప్పేది అందుకే.

ఎలక్ట్రానిక్ కాటా గుండెకాయ, బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్‌సెల్. తీగను లాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుందని 1856లోనే విలియం థామ్సన్, అంటే లార్డ్ కెల్విన్ గమనించాడు. సన్నటి తీగను వంకీలు తిప్పి లోహానికి అంటించి కొలవడం మాత్రం 1938లో, అమెరికాలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరు సాధించారు: కాలిఫోర్నియాలో సిమన్స్, మసాచుసెట్స్‌లో రూజ్. భూకంపానికి నీళ్ల ట్యాంకు ఎలా వంగుతుందో కొలవబోయి రూజ్ ఈ ఉపాయం పట్టాడు. సిమన్స్ తన హక్కు కోసం తన విద్యాసంస్థతోనే కోర్టుకెక్కి గెలిచాడు. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలతో ఎస్ఆర్-4 అనే గేజీ, అంటే సాగుడును కొలిచే ఆ అంటించే తీగ, మార్కెట్లోకి వచ్చింది.

పాతబడిన కాటా దొరికితే పళ్లెం ఎత్తి చూడండి. అరచేతంత అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపిస్తుంది. ఒక కొస కింది చట్రానికి, రెండో కొస పళ్లేనికి బిగించి ఉంటుంది. మధ్యలో కళ్లజోడు ఆకారంలో కలిసిపోయిన రెండు బెజ్జాలు. బెజ్జాల పైనా కిందా లోహం బాగా పలచబడి ఉండే చోట్లు నాలుగు. అవే నాలుగు కీళ్లు! పైనున్న పలక పై దండె, కిందిది కింది దండె. ఇరుసు లేకుండా, ఒకే దిమ్మలో చెక్కిన రొబెర్వాల్ చతుర్భుజం అది. మొదటిసారి ఇది తట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ నాలుగు పలచటి చోట్లా గేజీలు అంటించి ఉంటాయి. పళ్లెం మీద బరువు పడితే దిమ్మ రవ్వంత వంగుతుంది. పైభాగంలో చట్రం వైపు గేజీ సాగుతుంది, పళ్లెం వైపుది నొక్కుకుంటుంది. కింద దీనికి తలకిందులు. నాలుగింటినీ, నిరోధాల మధ్య రవ్వంత తేడాను పట్టే వీట్‌స్టన్ వంతెన అనే వలయంగా కలుపుతారు. సాగినవీ నొక్కుకున్నవీ కలిసి ఒకే దిక్కుకు సంకేతాన్ని పెంచుతాయి. అదే చేప మూలకు పడిందనుకోండి. అదనంగా వచ్చిన తిప్పుడు బలం పై పలకను మొత్తంగా లాగుతుంది, కింది పలకను మొత్తంగా నొక్కుతుంది. పైన రెండు గేజీలూ సమానంగా సాగుతాయి కాబట్టి వంతెనలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కింద కూడా అంతే. తయారీలో ఎక్కడైనా మూలల మధ్య తేడా మిగిలితే, ఆ పలచటి చోట ఆకురాయితో కొద్దికొద్దిగా రాకి సరిచేస్తారు.

సంకేతం ఎంత చిన్నదో కూడా చెప్పాలి. 350 ఓముల గేజీ నిండు బరువుకు మారేది ముప్పావు ఓముకు లోపే. మామూలుగా 5 వోల్టులు ఇచ్చే 30 కిలోల కాటాలో మొత్తం సంకేతం 10 మిల్లీవోల్టులు. అందులో 5 గ్రాముల అడుగు (కాటా చూపించే అంకెలో ఒక్కో మెట్టు) అంటే వోల్టులో పది లక్షలో వంతులు రెండు కూడా ఉండవు. ఉప్పునీటి చెమ్మ గేజీ అంచుల్లోకి దిగి సన్నగా కరెంటు కారిందంటే అంకె తనంతట తానే పాకడం మొదలుపెడుతుంది. తీరంలో కాటాలు చెడేది ఎక్కువగా ఇలాగే.

అందుకని డబ్బు పెట్టాల్సింది లోడ్‌సెల్‌ను గట్టిగా మూసిన కాటాకు, స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లేనికి. ఫోనుకు కలిసే సదుపాయాలకు ఇచ్చే డబ్బు నా లెక్కలో దండగ. కాటాకు బిగించిన వివరాల ప్లేటు మీద గరిష్ఠ బరువు పక్కనే, ధ్రువీకరణ అడుగు ఎంతో రాసి ఉంటుంది. అంగళ్లలో వాడే మూడో తరగతి కాటాల్లో ఆ అడుగుకు 20 రెట్ల కన్నా తక్కువ బరువు తూచకూడదు. 100 కిలోలకు 20 గ్రాముల అడుగున్న ప్లాట్‌ఫారం కాటా మీద 400 గ్రాముల లోపు నెత్తళ్లు తూస్తే ఆ అంకెకు విలువ లేదు. క్రేట్లు తూచేవాళ్లకు పెద్దది, చిల్లరగా అమ్మేవాళ్లకు చిన్నది. రెండింటికీ ఒకటే కొని సరిపెట్టుకోవాలని చూస్తే రెండు చోట్లా నష్టమే.

కొనేముందు ముద్ర ఉన్న 10 కిలోల రాళ్లు అడిగి, 30 కిలోల కాటా నాలుగు మూలల మీదా పెట్టి చూడాలి. 5 గ్రాముల అడుగున్న కాటాలో, ముద్ర వేసేటప్పుడు 10 కిలోల దగ్గర చట్టం ఒప్పుకునే తేడా 5 గ్రాములు, వాడుకలో దానికి రెట్టింపు. రాళ్లు తీయగానే సున్నాకు రావాలి. ఇసుకలో పెడితే కింద చెక్క వేసి, కాటా మట్టం చూపించే బుడగ నడిమికి వచ్చేలా సర్దాలి. మూడు డిగ్రీలు వాలినా 10 కిలోలకు 14 గ్రాములు పోతాయి. ఇంకొకటి, పళ్లెం కింద బరువు మించకుండా ఆపే బోల్టుకీ దిమ్మకీ మధ్య సందు చాలా సన్నం. అక్కడ ఒక్క చేప పొలుసు ఎండి అంటుకుంటే కొంత బరువు దాని మీదుగా చట్రానికి దిగిపోతుంది, అంకె తగ్గుతుంది. సాయంత్రం తడిగుడ్డతో ఆ సందు తుడవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, తక్కెడకు, కౌంటర్ మిషన్‌కు, రాళ్లకు రెండేళ్లకోసారి తూనికల శాఖ ముద్ర తప్పనిసరి.

నడిసముద్రంలో ఊగే ఓడ మీద తూచడానికి ఐస్‌లాండ్‌లో, 1983లో మొదలైన మారెల్ లాంటి కంపెనీలు కాటాలు చేశాయి. పక్కనే తెలిసిన బరువు మోసే రెండో లోడ్‌సెల్ ఉంచి, రెండు అంకెల నిష్పత్తి తీస్తారు. అల ఎత్తినా దించినా రెండూ ఒకేలా మారతాయి కాబట్టి నిష్పత్తి చెదరదు. తక్కెడ సూత్రమే మళ్లీ. మన ఫైబర్ పడవలవాళ్లకు దాంతో పనిలేదు, ఒడ్డుకొచ్చాకే కదా తూకం.

మన జిల్లాలో తూకం అందరికన్నా గట్టిగా కొట్టేది రొయ్యల రైతును. ధర కౌంటు మీద, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న దాని మీద ఆధారపడుతుంది. కాటా నూటికి రెండు పాళ్లు తక్కువ చూపిస్తే, కిలో అనుకుని 1,020 గ్రాములు తీస్తారు. 40 కౌంటు రొయ్య 41కి దగ్గరగా లెక్కకొస్తుంది, కిలో ధర తగ్గుతుంది. ఆ తగ్గిన ధరతో మళ్లీ మొత్తం సరుకును అదే కాటా మీద రెండు పాళ్లు తక్కువకు తూస్తారు. అందుకే పట్టుబడి రోజున మొదటి ట్రే ఎక్కకముందే, కొనేవాళ్ల ఎదురుగా, సొంత ముద్ర రాయి ఒకటి నాలుగు మూలలా పెట్టి చూడమని రైతులకు చెబుతుంటాను. దానికి పట్టేది రెండు నిమిషాలు.