కచేరీ, కోవెల, పరిశోధన

ధనుర్మాసంలో చెన్నైలోని పరిశోధక విద్యార్థికి తెల్లవారుజామున ట్రిప్లికేన్ పార్థసారథి కోవెలలో తిరుప్పావై, పగలు ప్రయోగశాల, సాయంత్రం కచేరీ. 1928లో స్థాపితమైన మ్యూజిక్ అకాడమీలో సాయంకాలపు కచేరీలకు టిక్కెట్టు కొనక తప్పదు. పలు సభల్లో మధ్యాహ్న కచేరీలు ఉచితం. ఉపకార వేతనంతో నెట్టుకొచ్చేవారికి అవే పెన్నిధి. త్యాగరాజ కృతులు అధికభాగం తెలుగులోనివే కనుక, మన పిల్లలకు అక్కడ పరాయితనం తోచదు.

చదువు వెనుకబడుతుందని తల్లిదండ్రుల ఆందోళన. సిద్ధాంత వ్యాసం గడువు ఎవరికోసమూ ఆగదన్నదీ నిజమే. అయితే మిశ్రచాపు తాళంలో ఏడేసి అక్షరాలు తప్పిపోకుండా లెక్కిస్తూ తని ఆవర్తనం వినేవారికి ఏకాగ్రత అలవడుతుంది. విఫలమైన ప్రయోగాన్ని మర్నాడు మళ్లీ ప్రారంభించే ఓర్పును భక్తి ప్రసాదిస్తుంది. అందుచేత కచేరీలు పూర్తిగా మానమనేకంటే, వారానికి రెండింటికి పరిమితం చేసుకోమనడం మేలు.