లక్కపిడతల ఊరు ఏటికొప్పాక

మీలో అనేకులు చిన్నతనంలో లక్కపిడతలతో ఆడుకొనే ఉంటారు. చిన్న పొయ్యి, చిన్న కుండ, రోలు, తిరగలి, చెంబు. ఇసుకే బియ్యం, ఆకులే కూరలు. అలా వండి వాడకట్టు పిల్లలందరికీ వడ్డించిన ఆట అది. ఆ పేరులోనే లక్క ఉన్నదని నేను చాలాకాలం గమనించలేదు. గమనించడానికి కారణం మా రెండవ కుమార్తె గిలక్కాయ.

పాపకు అప్పుడు పది నెలలు. నేను ఒక పల్లె సంఘంలో పనిచేస్తున్నాను. సంతలో ఎర్రగా మెరిసిపోతున్న గిలక్కాయ ఒకటి కనబడితే బేరమాడి కొని తెచ్చాను. సాయంత్రం గృహకూడిక ముగించుకొని ఇంటికి వచ్చేసరికి పాప పెదవులు, గడ్డం ఎర్రగా ఉన్నాయి. రక్తమనుకొని నా భార్య గట్టిగా ఏడ్చేసింది. తడిగుడ్డతో తుడిస్తే అది రంగు. గిలక్కాయ చూస్తే సగం రంగు దాని మీద లేదు. డాక్టరుగారు పాపను పరీక్షించి, భయపడవలసినదేమీ లేదన్నారు గాని, నన్ను మాత్రం కోప్పడ్డారు. "ఇటువంటి చవక రంగుల్లో సీసం ఉండవచ్చు. పిల్లలు బొమ్మను చేత్తో పట్టుకొంటారనుకొన్నారా? నోటితో పట్టుకొంటారు" అన్నారు.

ఆ తరువాతి వారం మా అత్తగారు వచ్చినప్పుడు తన ట్రంకు పెట్టెలో నుండి ఒక పాత గిలక్కాయ తీసి ఇచ్చారు. "ఇది మీ ఆవిడ కొరికినదే బాబూ, చూడండి" అన్నారు. నిజమే, దాని పిడి మీద చిన్న చిన్న పండ్ల గాట్లున్నాయి. ఎరుపు, పసుపు చారలు మాత్రం నిన్న వేసినట్లే ఉన్నాయి. ఎక్కడిదని అడిగితే "ఏటికొప్పాకది" అన్నారు. మేమందరం విశాఖపట్నం జిల్లావారమే. ఆ ఊరి పేరు విననివారు లేరు. అయినా అక్కడికి వెళ్ళి చూడాలన్న తలంపు నాకు అంతవరకు రాలేదు.

మొన్నామధ్య యలమంచిలిలో కూడికలకు పిలిచినప్పుడు ఆ గిలక్కాయను సంచిలో వేసుకొని వెళ్ళాను. విశాఖపట్నం నుండి జాతీయ రహదారి మీద అనకాపల్లి, యలమంచిలి మీదుగా సుమారు 65 కిలోమీటర్ల దూరం. ఊరి పేరులోనే ఏరున్నది, పక్కనే వరాహ నది ఉన్నది. చుట్టూ చెరకు, వరి, కొబ్బరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోనికి వెళ్ళింది. బొమ్మల పేరు ముందు గాని రైతులకు ఈ ఊరు ఇంకొకందుకు కూడా తెలుసు. దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి 1933లో ఇక్కడ ఏర్పడింది. రైతులే వాటాదారులై ఫ్యాక్టరీ పెట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. అయితే దాని చరిత్ర వేరొక వ్యాసం.

బొమ్మల సంగతికి వద్దాం. కొండపల్లి బొమ్మలు మీకు తెలుసు. అవి తేలికైన పొణికి కర్రను ఉలితో చెక్కి, ముక్కలను అతికించి, కుంచెతో రంగులు వేసేవి. ఏటికొప్పాక పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, నునుపుగా ఉంటుంది. దానిని ఎండబెట్టి పదును చేసి, లేత్‌కు బిగించి తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించితే పేలికలుగా చెక్క లేస్తూ బొంగరమో, చెంబో, బొమ్మ తలో బయటికి వస్తుంది. అందుకే వీరి బొమ్మలలో మూలలుండవు, అంతా గుండ్రమే. పూర్వం ఒకరు తాడు పట్టి లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఒక్క బొమ్మకు ఇద్దరు మనుషులు. ఇప్పుడు ఆ తాడు పని కరెంటు మోటారు చేస్తున్నది.

నేను కూర్చున్న ఇంటిలో పెద్దాయన వయసు అరవై దాటింది. ఆయన ఒక చెంబును తిప్పి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, లక్క కడ్డీ చేతిలోనికి తీసుకొన్నాడు. తిరుగుతున్న చెంబుకు ఆ కడ్డీని అదిమాడు, అంతే. రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర చుట్టూ పసుపుపచ్చని పట్టీలా పరుచుకొన్నది. కుంచె లేదు, డబ్బా లేదు, ఆరేదాకా ఆగడం లేదు. తరువాత మొగలి ఆకు ముక్క ఒకటి తీసి ఒత్తి పట్టాడు. రెండు నిమిషాలలో అద్దంవలె మెరుపు వచ్చింది. మా అత్తగారి గిలక్కాయ రంగు ఇన్నేళ్ళు ఎందుకు పోలేదో అప్పుడు అర్థమయింది. రంగు కర్ర మీద పూసినది కాదు, లక్కలో కలిసిపోయి కర్రను పట్టుకొన్నది.

ఇంతకూ ఈ లక్క ఏమిటి? మోదుగ, రేగు, పుసుగు వంటి చెట్ల కొమ్మలపై చీమ తలంత కూడా లేని పురుగులు వేలకొలదిగా చేరి, రసం పీల్చి, తమ చుట్టూ ఒక జిగురు గూడు కట్టుకొంటాయి. కొమ్మకు పెచ్చులా గట్టిపడిన ఆ గూడును గీకి, కరిగించి, వడకడితే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలో ఇది ఎక్కువగా దొరుకుతుంది. అపొస్తలుల కార్యములలో ఊదారంగు అమ్మే లూదియను మీరెరుగుదురు. ఆ కాలపు శ్రేష్ఠమైన ఊదారంగు సముద్రపు నత్తల నుండి వచ్చేది. అల్పమైన ప్రాణులు మనుష్యుల ఇండ్లకు ఎంతెంత అందాన్ని ఇచ్చాయో!

సంచిలోని గిలక్కాయ తీసి చూపించాను. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "లక్క మాదే అయ్యగారూ. రంగు మాత్రం మాది కాదు. ఆ రోజుల్లో పొడి డబ్బాలు బజార్లో దొరికేవి. అందరం అవే కలిపేవోళ్ళం" అన్నాడు.

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. సంత గిలక్కాయను పారవేసి, ఇది పాతకాలపు మేలిమి వస్తువని నమ్మి నేను పాప చేతికిచ్చాను. లక్క గట్టిగా పట్టుకొన్నందున రంగు ఊడలేదు, అంతవరకే దాని గొప్పతనం. లోపల ఉన్నది ఏ రంగో ఎవరికి తెలుసు? పసుపు, నారింజ రంగుల పొడులలో సీసం కలిసినవి బజారులో విరివిగా ఉండేవి. పిల్లల శరీరంలో సీసం ఎంత తక్కువ చేరినా క్షేమమని చెప్పడానికి వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఈ ఊరి చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఇక్కడే ఉన్నది. జమీందారుల కాలంలో వారి ఆదరణతో ఈ పని సాగింది. కుంకుమ భరిణెలు, పెండ్లి బొమ్మలు, బొమ్మల కొలువు సామగ్రి చేయించుకొనేవారు. జమీందారీలు పోయాయి. ప్లాస్టిక్ వచ్చింది. చవకగా, త్వరగా చేయాలని రసాయన రంగులు చేరాయి. చేతిపని మిగిలింది గాని అందులోని సగం జ్ఞానం పోయింది, ఏ ఆకు, ఏ గింజ ఏ రంగునిస్తుందో చెప్పగలవారు తగ్గిపోయారు. ఆ దశలో ఇదే ఊరివాడైన శ్రీ సి.వి. రాజు గారు చేతిపనివారిని కూడగట్టి, మొక్కల నుండి రంగులు తీసే పనికి పూనుకొన్నారు. ఇది వినడానికి సులువు. వస్త్రాలకైతే ఆకును కాచి ఆ కషాయంలో ముంచవచ్చు. లక్కలో నీరు కలవదు కదా! రంగును పొడిగా మార్చాలి, నిప్పు మీద లక్కతో పాటు వేడి చేసినా అది మాడిపోకూడదు. ఏళ్ళ తరబడి ప్రయత్నాలు చేయగా పసుపుకొమ్ము నుండి పసుపు, జాఫ్రా గింజల నుండి నారింజ, నీలిమొక్క నుండి నీలం, కరక్కాయ నుండి ముదురు రంగులు నిలిచాయి. పసుపును నీలితో కలిపితే ఆకుపచ్చ.

అంకుడు చెట్టు శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. టింక్టోరియా అంటే రంగులద్దడానికి పనికివచ్చేదని అర్థం. దాని ఆకుల నుండి కూడా ఒక విధమైన నీలిరంగు వస్తుంది. కర్ర ఇచ్చే చెట్టే రంగు కూడా ఇస్తుందన్నమాట!

గుర్తింపు వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే వేరొక చోట చేసినదానిని ఈ పేరుతో అమ్మకూడదు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ ఊరిని పేర్కొన్నారు. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే, దానికి మూడవ బహుమతి కూడా వచ్చింది. వీటికంటే ఉపయోగపడిన సంగతి ఒకటున్నది, దానికి మేళతాళాలు లేవు. 2021 జనవరి నుండి దేశంలో అమ్మే బొమ్మలన్నిటికీ ప్రమాణాల ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, హస్తకళల శాఖలో నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు కలిగిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అది లేకపోతే ఇంటి వసారాలో లేత్ పెట్టుకొన్న మనిషి ప్రయోగశాల పరీక్షల ఖర్చు ఎక్కడ నుండి తెచ్చేవాడు?

ఇక కష్టమైన మాట. పెద్దాయన కుమారుడు అచ్యుతాపురం ఎస్‌ఈజడ్‌లో ఒక కంపెనీకి వెళుతున్నాడు. నేను అక్కడ ఉండగానే షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుగుకొని, తండ్రి పక్కన కూర్చొని కాసేపు ఉలి పట్టాడు. చేయి వణకలేదు. పని వచ్చు. "మరి ఇదే చేయవచ్చు కదా తమ్ముడూ" అన్నాను. "నెల జీతం ఒకటో తారీకున వస్తాది అయ్యగారూ. బొమ్మలు అమ్ముడైనప్పుడే డబ్బులు" అన్నాడు. నేనేమి చెప్పగలను? ఉక్కు కర్మాగారం, ఓడరేవు, ఫార్మా కంపెనీలు ఉన్న ప్రాంతమిది. మన సంఘాల యౌవనస్థులు కూడా తండ్రుల మగ్గం, వల, సారె విడిచి అక్కడికే వెళ్ళారు. వారిని ఏ నోటితో తప్పుపట్టగలం?

కొన్ని సంవత్సరాల క్రితం ఉక్రెయిన్ దేశపు గ్రామం ఒకదానిని గూర్చి చదివాను. పేరు పెట్రికివ్కా. ఆ ఊరివారు ఇండ్ల గోడల మీద, పెట్టెల మీద, పళ్ళేల మీద పూవులను, పక్షులను చిత్రిస్తారు. పిల్లి వెండ్రుకలతో కుంచె చేసుకొంటారు. 2013లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చింది. నాకు నచ్చినది ఆ గౌరవం కాదు. అక్కడి బడులలో పిల్లలందరికీ ఆ చిత్రకళలో ప్రాథమిక పాఠాలు నేర్పుతారట. పనివాని కొడుకే పని నేర్చుకోవాలన్న నియమం లేదు. 2022 నుండి ఆ దేశం యుద్ధంలో నలిగిపోతున్నది, అయినా ఆ ఊరి పూవులను లోకం ఎరుగును. మన బడులలో ఏటికొప్పాక బొమ్మ చిత్రం మాత్రం చూపితే చాలదు. వారానికి ఒక పూట లేత్ దగ్గర కూర్చోబెడితే ఎంత బాగుండును!

కొడుకుల సంగతి అలా ఉండగా, చెట్టు సంగతి ఇంకొకటి. అంకుడు కర్ర చుట్టుపట్ల కొండల నుండి రావాలి. పూర్వం దగ్గరలోనే దొరికేదట, ఇప్పుడు దూరం పెరిగింది, ధర పెరిగింది. జాగ్రత్తగా కొమ్మలు నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. మొదలంటా కొట్టేస్తే మిగిలేది గుంతే. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు కూడా ఇదే కర్ర. ఒక చెట్టు మీద రెండు రాష్ట్రాల ఊళ్ళు ఆధారపడి ఉన్నాయి.

మన సంఘంలో ఒక పెద్దాయన, బొమ్మల గూర్చి పత్రికలో వ్రాయడమేమిటని నన్ను అడిగారు. అక్కడ దేవతల బొమ్మలు కూడా చేస్తారు, నిజమే. చేసేవారి నమ్మకం వారిది. నేను కొన్నవి బొంగరాలు, ఒక ఎడ్లబండి, మా చెల్లెలి మనవరాలికి పూర్తి లక్కపిడతల జోడు. తిరగలి నిజంగా తిరుగుతుంది.

డబ్బులిచ్చి లేస్తుండగా పెద్దాయన "అయ్యగారూ, మీ చర్చి ఆవరణలో కాస్త స్థలముందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఇంటి వెనుకకు వెళ్ళి, పాల కవర్లలో పెంచిన అంకుడు మొక్కలు నాలుగు తెచ్చి ఇచ్చాడు. ఎంత ఇవ్వమంటారంటే తీసుకోలేదు. ఆ వారమే ప్రహరీ పక్కన నాటించాము. రెండింటిని మేకలు తినివేశాయి. మిగిలిన రెండింటికి మా కుమార్తె, చిన్ననాడు ఎర్రరంగు మింగిన ఆ అమ్మాయే, ముళ్ళకంప కట్టింది. ఒకటి ఇప్పుడు నా నడుము ఎత్తు వచ్చింది.