గాలి బరువుతో అచ్చెక్కే కార్బన్

కార్బన్ ఫైబర్ భాగానికి బలమిచ్చేది పోగు, ఆకారమిచ్చేది రెజిన్. మనిషి వెంట్రుక కంటే ఎంతో సన్నని ఆ పోగు, లాగుడును అద్భుతంగా తట్టుకుంటుంది గానీ దానంతట అది నిలబడలేదు. ఎపాక్సీ రెజిన్ గట్టిపడి పోగులన్నిటినీ కలిపి పట్టుకున్నప్పుడే అది రెక్కో, కారు చట్రమో అవుతుంది. అయితే రెజిన్ ఎక్కువైతే బరువు పెరుగుతుందే తప్ప బలం పెరగదు. పొరల మధ్య గాలి బుడగ మిగిలితే అక్కడ పట్టు సడలుతుంది. ఈ రెండు చిక్కులనూ ఒక ప్లాస్టిక్ సంచితో అదుపులో పెట్టే పద్ధతి వాక్యూమ్ బ్యాగింగ్.

1958లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ శాస్త్రవేత్త రోజర్ బేకన్ అత్యంత బలమైన గ్రాఫైట్ పోగులను ప్రయోగశాలలో తయారుచేశాడు. వాటి ఖరీదు మాత్రం అందరాని ఎత్తులో ఉండేది. స్వెటర్లు అల్లే యాక్రిలిక్ నూలుకు మూలమైన పాలీయాక్రిలోనైట్రైల్ నుంచి కార్బన్ పోగు తీయవచ్చని జపాన్‌లో అకియో షిండో చూపాడు. 1960లలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో విలియం వాట్ బృందం, వేడిచేసేటప్పుడు పోగు కుంచించుకుపోకుండా బిగించి ఉంచి దాని బలాన్ని ఎంతో పెంచింది. పోగు చేతికొచ్చాక మిగిలిన సమస్య దాన్ని అచ్చుకు గట్టిగా నొక్కి పెట్టడమే.

ముందుగా అచ్చు లోపలి తలానికి మైనం పూస్తారు. లేకపోతే ఎపాక్సీ అచ్చునే పట్టుకుంటుంది. దాని మీద రెజిన్‌తో తడిపిన కార్బన్ బట్టను పొరలుగా పరుస్తారు. భారం ఏ దిశలో పడుతుందో లెక్కచూసి ఒక్కో పొర పోగులను ఒక్కో కోణంలో తిప్పుతారు. భాగం బలాన్ని నిర్ణయించే అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. పైన, రెజిన్‌కు అంటుకోని పల్చటి నైలాన్ బట్ట. ఆపైన సన్నని రంధ్రాల పొర. దాని మీద మిగులు రెజిన్‌ను పీల్చుకుంటూ గాలికి దారి ఇచ్చే దూదిలాంటి పొర వేస్తారు. చివరగా సంచి ఫిల్మ్ కప్పి, అంచుల వెంట జిగట టేపుతో మూసి, గొట్టం ద్వారా పంపుతో లోపలి గాలి తీసేస్తారు.

అప్పుడు నొక్కేది బయటి వాతావరణం. లోపల శూన్యం పూర్తిగా ఉంటే సముద్ర మట్టం వద్ద ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 10 టన్నుల బరువు పడుతుంది. ఎన్ని వంపులున్న భాగమైనా అంతటా ఒకే ఒత్తిడి అందడం ఈ పద్ధతి గొప్పదనం. అలా నొక్కాలంటే లోహపు ప్రెస్సుకు ప్రతి ఆకారానికీ జత అచ్చు కావాలి. అయితే సంచి బిగుతుగా ఉంటే లోపలి మూలల్లోకి దిగకుండా వంతెనలా నిలిచిపోతుంది, అక్కడ రెజిన్ గుమిగూడుతుంది. అందుకే ఫిల్మ్‌ను అచ్చు కంటే పెద్దదిగా కత్తిరించి, మడతలు వదిలి అతికిస్తారు. సూదిమొన సందున్నా ఒత్తిడి తగ్గిపోతుంది. పంపు ఆపి గేజ్ ముల్లు కదులుతుందేమో చూసే పరీక్ష ఏ కార్ఖానాలోనూ తప్పదు. రెజిన్ గట్టిపడేదాకా పంపు పనిచేస్తూనే ఉండాలి.

సంచి ఇచ్చే ఒత్తిడి ఒక వాతావరణాన్ని మించదు. అంతకు మించి కావాలంటే సంచితో సహా అచ్చును ఆటోక్లేవ్ అనే వేడి పీడన పాత్రలో పెట్టి అనేక రెట్లు నొక్కుతారు. ఇలాగే 1981లో జాన్ బర్నార్డ్ రూపొందించిన మెక్‌లారెన్ ఎంపీ4/1 రేసు కారుకు పూర్తి కార్బన్ చట్రాన్ని అమెరికాలోని హెర్క్యులిస్ సంస్థ తయారుచేసింది. అదే ఏడాది ఇటలీలోని మోంజా రేసులో జరిగిన ప్రమాదంలో ఆ కారు ఇంజన్ ఊడిపోయినా డ్రైవర్ జాన్ వాట్సన్ క్షేమంగా బయటికి నడిచి వచ్చాడు. ఆ దృశ్యం తర్వాత కార్బన్ పెళుసుదన్న అనుమానం చాలావరకు సద్దుమణిగింది.

ఆటోక్లేవ్ ఖర్చు, పరిమాణాల హద్దు పెద్ద భాగాలకు అడ్డు. పొడి బట్టనే సంచిలో పరచి, ఆ శూన్యంతోనే రెజిన్‌ను లోపలికి లాగే ఇన్‌ఫ్యూజన్ పద్ధతి దానికి బదులుగా వచ్చింది. పడవల పెంకులూ గాలిమర రెక్కలూ ఇలా తయారవుతున్నాయి. 2017లో తొలిసారి ఎగిరిన రష్యా ప్రయాణికుల విమానం ఎంఎస్-21 రెక్కలను కూడా ఆటోక్లేవ్ లేకుండా ఈ పద్ధతిలోనే చేశారు.