హైస్కూలు బాలికలు – లీజరు గంట

స్కూలు అను మాటకు మూలము గ్రీకు భాషలో నున్నది. ఆ మూలపదమునకు తొలుత విరామమనియే అర్థము. బ్రతుకుతెరువు పనులు తీరిన పిమ్మట మిగిలిన వేళను చర్చలకును విద్యకును వినియోగించుటచేత ఆ పేరు క్రమముగా పాఠశాలకు సంక్రమించినది. నేటి బడులలో అన్నిటికిని చోటు కలదు గాని, ఆ విరామమునకు మాత్రము చోటు కఱవగుచున్నది. ఇది చిన్న విషయమని సోదరీమణులు తోసివేయకుందురు గాక.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల హైస్కూళ్లలో పాఠము లేని గంటను పిల్లలు లీజరు పీరియడందురు. కొన్ని బడులలో అది టైముటేబిలులోనే వ్రాయబడియుండును. కొన్నింట ఉపాధ్యాయుడు సెలవు పెట్టిననాడు దైవికముగా లభించును. ఆ గంట రాగానే క్లాసు లీడరు సుద్దముక్క చేతబట్టి నల్లబల్లవద్ద నిలిచి, మాటలాడినవారి పేర్లు వ్రాయుటయు, మరల మాటలాడినచో పేరు ప్రక్కన ఇంటూ గుర్తులు చేర్చుటయు మనమందఱము ఎఱిగిన తంతే. లీడరు స్నేహితుల పేర్లు బల్లమీది కెక్కవు. ఎక్కినను మాస్టరుగారు వచ్చులోపల చెఱిగిపోవును! వెనుక బెంచీలలో రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీలు పడును. ఒకమూల అంత్యాక్షరి, ఇంకొకమూల చుక్కలాట. లెక్కలు రాని పిల్లకు తోటిపిల్ల మెల్లగా లెక్క బోధించుటయు ఆ గంటలోనే జరుగును. మాస్టరుగారి నడుగుటకు సిగ్గుపడిన సందేహమును స్నేహితురాలి నడుగుటకు సిగ్గేమి?

మగపిల్లలకు ఈ గంట పోయినను సాయంకాలమున్నది. బడి విడువగనే బంతియు బ్యాటుం గొని మైదానమునకో, సైకిలెక్కి బజారునకో పోవుదురు. ఆడపిల్ల సంగతి వేఱు. చాగలమఱ్ఱి, రుద్రవరము, శిరివెళ్ల వైపు పల్లెలనుండి బస్సులో వచ్చి చదువుకొను బాలిక తిరిగి ఇల్లు చేరునప్పటికి అంట్లు, నీళ్లు, తమ్ముని ఆలనాపాలన కాచుకొనియుండును. పత్తి తీతల దినములలో తల్లి పొలమునుండి వచ్చుసరికి పొయ్యి రాజవలెను. తెల్లవారినను అంతే, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, జడలు అల్లుకొనుచునే బస్సునకు పరుగెత్తవలెను. దినమంతటిలో ఆమె ఎవరికిని లెక్క చెప్పనక్కఱలేని ముప్పావుగంట ఆ లీజరు గంటయే. దానినిగూడ లాగికొన్నచో ఆమెకు తనదన్నది ఏమి మిగులును? ఈ సంగతి తల్లులకు తెలిసినంతగా హెడ్మాస్టర్లకు తెలియదు.

లాగికొనువారు దుర్బుద్ధితో చేయుట లేదు. పదవ తరగతిలో ఆఱు విషయములు, 600 మార్కులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైన నంద్యాల అంతకు మునుపే బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపడిన పట్టణము. అన్యజిల్లాల యువతీయువకులు సైతము అచట గదులద్దెకు తీసికొని చదువుదురు. పరీక్ష యను మాట గాలిలోనే యున్న ఊరది. లెక్కల మాస్టరుగారు మొదట డ్రిల్లు గంటను అడిగి తీసికొందురు. తరువాత లీజరు గంటను అడుగకయే తీసికొందురు. ఫలితములు తగ్గినచో సంజాయిషీ చెప్పుకొనవలసినవారు వారే గనుక వారి ఆదుర్దాను మేము నిందింపము. అయినను చట్టమును చూడుడు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 8 వఱకు గల తరగతులకు ఏటికి కనీసము 220 పనిదినములు, 1000 బోధనగంటలు నిర్ణయించినది. భాగించి చూచినచో దినమునకు నాలుగున్నర గంటలకు స్వల్పముగా ఎక్కువ. ఉదయము తొమ్మిదింటినుండి సాయంకాలము నాలుగింటివఱకు నడచు బడిలో, భోజనవేళ పోగాకూడ, ఒక గంటకు చోటు దొరకదనుట నమ్మదగినది కాదు. ఒంటిపూట బడుల దినములు వేఱు. ఆటస్థలము, గ్రంథాలయము ఉండవలెనన్నదియు ఆ చట్టమే.

బడిమీది మమకారము ఒకే రంగు దుస్తులవలనను, ప్రార్థనవేళ పంక్తులు దీర్చుటవలనను పుట్టునని కొందఱు తలంతురు. మా అభిప్రాయము వేఱు. ఎవరును ఆజ్ఞాపింపకయే పదిమంది పిల్లలు కూడి ఒకపని తలపెట్టినప్పుడే 'ఇది మా బడి' యను మాట వారి నోట వచ్చును. వార్షికోత్సవ నాటకమునే తీసికొందము. 1846లో కుంపిణీ దొరతనముపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ సీమవాడే. ఆయన కథ ఇచటి పిల్లలకు పుస్తకములోకంటె ముందు పాటలో పరిచయము. రెడ్డి వేషము నాకన్న నాకని ఆడపిల్లలే తగవులాడుదురు. దొరవేషము ఎవరికిని అక్కఱలేదు! తలపాగాకు ఎవరి అమ్మ చీర, కత్తికి ఎవరింటి అట్టముక్క – ఈ మంతనములన్నియు లీజరు గంటలోనివే. ఆళ్లగడ్డలో శిల్పుల యిండ్ల బిడ్డలు నోటుపుస్తకపు కడపటి పుటలో దేవతామూర్తుల గీతలు గీయగా ప్రక్కపిల్లలు చూచి నేర్తురు. దానికి గంటయు లేదు, పరీక్షయు లేదు. జపాను దేశపు బడులలో పిల్లలే తమ తరగతిగదులను ఊడ్చి తుడుచుకొందురు. తమ చేతితో తుడిచిన గోడపై గీతలు గీయుటకు ఎవరికిని మనసొప్పదు.

గోల మాటేమందురా? ప్రక్క తరగతికి ఇబ్బంది నిజమే. కాని బీరువాలో తాళము వేసియుంచిన కథల పుస్తకములను ఆ గంటకు వెలికి తీసినచో సగము గోల అణగును. మిగిలిన సగమును ఖోఖో కొఱకు మైదానమునకు పంపవచ్చును. లీడరును వారమువారము మార్చినచో నల్లబల్లమీది పక్షపాతమును తగ్గును. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారి ఆశయములతో వెలసిన రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంవేళ మౌనముగ కూర్చుండి సూర్యాస్తమయమును చూతురు, దానిని అస్తాచలమందురు. మన నల్లమల తూర్పున నున్నది గావున సూర్యుడు అటు దిగడు. పడమట ఎఱ్ఱమలలున్నవి, అవి చాలును.

సోదరీమణులకు ఈ విషయమున చేతనైనది లేకపోలేదు. ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, ఎయిడెడ్ బడులలోని యాజమాన్య కమిటీలయందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు పైచట్టమే చెప్పుచున్నది. సమావేశమునకు పోయినపుడు మార్కుల చీటీతోబాటు టైముటేబిలును గూడ అడిగి చూడుడు. లీజరని వ్రాసినచోట నిజముగ ఏమి జరుగుచున్నదో ముందుగా మీ అమ్మాయి నడిగి తెలిసికొనుడు. మూడు వారములు వరుసగా ఆ గంట లెక్కలకే పోయినదని ఆమె చెప్పినచో, అది సభలో లేచి చెప్పదగిన మాటయే.