ఫ్రామ్ గోడలో లినోలియం పొర

ధ్రువప్రాంతాలకు వెళ్లిన పాతకాలపు ఓడల్లో నావికుల పరుపులు మంచుగడ్డల్లా బిగుసుకుపోయేవి. వాటిలో గడ్డకట్టిన నీళ్లు సముద్రంలోంచి వచ్చినవి కావు, మనుషుల ఊపిరిలోంచి, వంటగిన్నెల్లోంచి, ఆరేసిన తడిబట్టల్లోంచి వచ్చినవి. ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరై, పరుపుల్లోకి కారి గడ్డకట్టేది.

20 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. అదే గాలి సున్నా డిగ్రీలకు చల్లబడితే అయిదు గ్రాములైనా పట్టదు. మిగిలినదంతా గోడ మీద చెమ్మగా తేలుతుంది. వేసవిలో చల్లటి నీళ్ల చెంబుకు పట్టే చెమట ఇదే.

నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో 12 మందిని వెంటబెట్టుకుని ‘ఫ్రామ్’ ఓడలో బయలుదేరాడు. ఓడను కావాలనే సముద్రపు మంచులో ఇరికించి, ఆ మంచు ఎటు కదిలితే అటు కొట్టుకుపోవాలన్నది ఆయన పథకం. అంటే ఏళ్ల తరబడి ఆ గదుల్లోనే కాపురం. అందుకే గోడలకు లోపలివైపు వరసగా తారు పూసిన ఫెల్ట్ (నేయకుండా ఒత్తి చేసిన గుడ్డ), కార్క్ బెరడు, చెక్క, మళ్లీ మందపాటి ఫెల్ట్, లినోలియం షీటు, చివర మరో చెక్క పలక వేయించాడు. గది కప్పులో రెయిన్‌డీర్ వెంట్రుకలు కూడా కూరారు. పైకప్పు కిటికీకి ఒకదాని లోపల ఒకటిగా మూడు అద్దాలు. బరువైన చల్లగాలి నేలబారున లోపలికి రాకుండా గడపలు ఎత్తుగా పెట్టారు.

వీటన్నిటిలో నాకు గొప్పగా తోచేది లినోలియం పొర. ఫెల్ట్, కార్క్ చలిని ఆపేది వాటిలో చిక్కుకున్న కదలని గాలి వల్ల. ఆ గాలి చోట నీరు చేరితే వేడి 20 రెట్లకు పైగా సులువుగా జారిపోతుంది, నీరు మంచైతే 80 రెట్లు పైమాటే. గాలి చొరని లినోలియం గదివైపు ఉండబట్టి, ఆవిరి చల్లటి పొరల దాకా పోలేకపోయింది. అందరూ కలిసి కూర్చునే సెలూన్ గదిలో పొయ్యి వెలిగించాక పడకగదుల గోడల మీద కూడా తడి జాడ కనిపించలేదని నాన్సెన్ రాసుకున్నాడు.

ఇంగ్లండు కాలువల్లో జనం కాపురముండే నారోబోట్లది మరో తంటా. పడవ వెడల్పు ఏడడుగులు, ఒళ్లంతా ఉక్కు. పాలీయురేథేన్ ఫోమ్‌తో పోలిస్తే ఉక్కు వేడిని 2000 రెట్లు సులువుగా పోనిస్తుంది. అందుకని ఆ ఫోమ్‌ను నేరుగా ఉక్కుకే అంటుకునేలా పిచికారీ చేస్తారు. అది సందు లేకుండా పట్టుకుంటుంది కాబట్టి ఆవిరి వెనక్కి చేరదు. గ్లాస్ ఊల్ చవకే, కానీ దాని వెనక చెమ్మ చేరి ఉక్కు లోలోపలే తుప్పు పడుతుంది. ఆ ఆదా చేయకపోవడమే మంచిది. ఫోమ్ వేసినా పడవ చట్రపు ఉక్కు పక్కటెముక ఒక్కటి బయటపడి ఉంటే చాలు, తెల్లారేసరికి దాని పొడవునా నీటిచుక్కల వరస.

పైగా కిలో వంటగ్యాస్ మండితే కిలోన్నర నీరు పుడుతుంది! చలికి భయపడి గాలికంతలు మూసేస్తే ఆ నీరంతా లోపలే తిరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం సరేసరి. ఎండాకాలం గొడవ తేలిక: కప్పుకు లేత రంగు వేస్తే సగం పని అయినట్టే.

విశాఖ రేవు నుంచి వేటకెళ్లే మరబోట్లలో చేపలు, ఐసు నిల్వచేసే అరలో కథ తిరగబడుతుంది. చలి లోపల, ఉక్కపోత బయట. ఆవిరి బయటినుంచి లోపలికి దూరాలని చూస్తుంది, కాబట్టి దాన్ని ఆపే పొర బయటివైపు ఉండాలి. లోపలేమో ఐసు కరిగిన నీళ్లు. అరకు రెండు పక్కలా ఫైబర్ తొడుగు వేసి, ఫోమ్‌ను మధ్యలో బంధిస్తే రెండు తడులూ ఆగుతాయి. ఐసు కొట్టే పార తగిలి లోపలి తొడుగు పగిలితే మాత్రం వెంటనే పూడ్చాలి.